మొదటి ఉద్యోగానికి రెజ్యూమే, కవర్ లెటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం పరీక్షలు అయ్యే రోజుల్లో "ఒక్కసారి చూసి పెట్టండి" అంటూ నాకు రెజ్యూమేలు పంపేవారు చాలామంది. పేర్లు వేరు, ఊళ్లు వేరు, కాలేజీలు వేరు. లోపలి వాక్యాలు మాత్రం ఒకటే. కొన్ని సీనియర్ దగ్గర ఫైలు తీసుకుని పేరు మార్చినవి. కొన్ని ఇంటర్నెట్ సెంటర్‌లో టైపు చేసే అతను తన దగ్గరున్న నమూనాలో కూర్చి ఇచ్చినవి. ఎన్నిసార్లు చదివినా ఆ కాగితంలో మనిషి కనిపించడు, అతను చేసిన పని కనిపించదు. ఆ పిల్లలతో పది నిమిషాలు మాట్లాడితే మాత్రం చెప్పుకోదగ్గ సంగతులు ఎన్నో బయటికి వస్తాయి. కింది ప్రశ్నలన్నీ వాళ్లు అడిగినవే.

రెజ్యూమే, సీవీ, బయోడేటా: మూడూ ఒకటేనా?

మన దగ్గర కంపెనీ "సీవీ పంపండి" అన్నా, "రెజ్యూమే పంపండి" అన్నా అడిగేది ఒకటే: మీ చదువు, పని, నైపుణ్యాలు చెప్పే ఒకటి రెండు పేజీల కాగితం. అమెరికాలో మాత్రం సీవీ అంటే పరిశోధకులు, అధ్యాపకులు రాసుకునే పెద్ద చిట్టా. ప్రచురణలు, సదస్సులు, బోధించిన కోర్సులు అన్నీ అందులో ఉంటాయి. బయోడేటా అనే మాట ఇప్పుడు ఎక్కువగా పెళ్లి సంబంధాలకు స్థిరపడింది. ఎత్తు, గోత్రం, తోబుట్టువుల వివరాలు అక్కడికే పరిమితం కావాలి.

ఎన్ని పేజీలు ఉండాలి?

చదువు ఇప్పుడే పూర్తయితే ఒక్క పేజీ. ఏడెనిమిదేళ్ల అనుభవం ఉంటే రెండు. ఒక్క పేజీ నిండడం లేదని అక్షరాల సైజు పెంచవద్దు. కాస్త ఖాళీ ఉంటే కంటికి హాయిగానే ఉంటుంది.

ఇంటిపేరు ముందు రాయాలా, వెనక రాయాలా?

చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, తెలుగువాళ్లను ఉద్యోగంలో చేరేనాడు ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. డిగ్రీ పట్టాలో అది పొడి అక్షరంగా మారిపోతుంది. ఆధార్‌లో ఇంకోలా, పాన్ కార్డులో మరోలా ఉంటుంది. ఉద్యోగం వచ్చాక కంపెనీ తరఫున వివరాలు తనిఖీ చేసేవారు ఈ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. పేర్లు కలవకపోతే "ఇద్దరూ ఒక్కరేనా?" అన్న ప్రశ్న వస్తుంది. దానికి అఫిడవిట్లూ ఉత్తరాలూ తిరిగేసరికి చేరే తేదీ వెనక్కి పోతుంది.

కాబట్టి రెజ్యూమే పైన పదో తరగతి మెమోలో ఉన్న పేరే, పొడి అక్షరాలను విప్పి పూర్తిగా రాయండి. ఏ క్రమంలో ఉందో ఆ క్రమంలోనే ఉంచండి. మిగతా కాగితాల్లో తేడాలు ఉంటే ఉద్యోగం వెతకడానికి ముందే సరిచేయించుకోండి, ఆఫర్ చేతికి వచ్చాక తీరిక దొరకదు. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసి మొత్తం పేరును "గివెన్ నేమ్" గడిలో నింపినవారికి అమెరికా వీసా మీద పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" అనే అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆ తరువాత బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఈమెయిల్ చిరునామా కూడా పేరులో భాగమే అనుకోండి. ఇంటర్ రోజుల్లో అభిమాన హీరో పేరుతో తెరిచింది ఉంటే దాన్ని స్నేహితులకు ఉంచి, ఉద్యోగాలకు మీ పేరుతో కొత్తది తెరవండి.

పైన కెరీర్ ఆబ్జెక్టివ్ రాయాలా?

"సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి, నా ఎదుగుదలకు తోడ్పడాలని..." ఈ వాక్యాన్ని ఇంగ్లీషులో నేను ఎన్ని వందలసార్లు చదివి ఉంటానో. ఎవరు రాసినా చెల్లే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాని స్థానంలో రెండు వరుసల పరిచయం పెట్టండి: ఏం చదివారు, ఏ పని బాగా వచ్చు, ఏ ఉద్యోగం కోరుతున్నారు. "బీకాం కంప్యూటర్స్ పట్టభద్రురాలిని. ట్యాలీలో ఏడాదిపాటు ఒక ఎరువుల దుకాణం లెక్కలు రాశాను. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోరుతున్నాను." ఇంత చాలు.

తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫొటో, చివర డిక్లరేషన్: ఇవి ఉండాలా?

ప్రైవేటు ఉద్యోగానికి అక్కర్లేదు. తండ్రి పేరు, కులం, మతం, పెళ్లయిందో లేదో, ఇంటి డోరు నంబరు ఏవీ వద్దు. ఊరి పేరు, ఫోను, ఈమెయిల్ ఉంటే సరిపోతుంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టు నంబర్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. రెజ్యూమే ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు.

"పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రమాణం చేస్తున్నాను" అనే డిక్లరేషన్ ప్రభుత్వ దరఖాస్తుల నుంచి వచ్చిన అలవాటు. ప్రభుత్వ నోటిఫికేషన్లకు వాళ్ల ఫారమ్‌లో అడిగినవన్నీ నింపాల్సిందే, అక్కడ డిక్లరేషన్‌కు అర్థం ఉంది. కంపెనీకి పంపే రెజ్యూమేలో అది నాలుగు వరుసల చోటు తినేస్తుంది.

నాకు ఏ అనుభవమూ లేదు. ఏం రాయాలి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. చాలామంది విషయంలో ఆ మొదటి వాక్యం నిజం కాదు.

బీకాం పూర్తి చేసిన ఒక అమ్మాయి రెజ్యూమేలో అనుభవం అన్నచోట "లేదు" అని ఉంది. మాటల మధ్యలో తెలిసింది, వాళ్లమ్మ డ్వాక్రా సంఘం లీడరు. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి సంఘం పుస్తకాలన్నీ రాసేది ఈ అమ్మాయే. పది మంది సభ్యుల నెలవారీ పొదుపు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎంత వడ్డీ కట్టారు, బ్యాంకు లింకేజీ రుణం వాయిదా ఎప్పుడు, సమావేశంలో ఏం తీర్మానించారు, అన్నీ ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. నెలనెలా బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూసేది కూడా ఆమే. అకౌంట్స్ విభాగంలో కొత్తగా చేరినవారితో మొదట చేయించేది సరిగ్గా ఇలాంటి పనే. ఐదేళ్లు ఆ పని చేసిన మనిషి తనకు అనుభవం లేదని రాసుకుంది! ఎందుకమ్మా అంటే, "అది ఇంటి పని కదండీ" అంది.

ఇద్దరం కూర్చుని రెండు వాక్యాలు రాశాం: "పది మంది సభ్యులున్న స్వయం సహాయక సంఘానికి ఐదేళ్లపాటు పొదుపు, రుణ ఖాతాలు రాశాను. ప్రతి నెలా బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూసి, తేడాలు కనిపెట్టి సరిచేశాను."

జీతం వస్తేనే అనుభవం అనుకోకండి. నాన్న కిరాణా కొట్లో సరుకు లెక్క చూడటం, వినాయక చవితి పందిరికి చందాలు వసూలు చేసి చివర్లో ఖర్చుల పట్టిక కాలనీ ముందు పెట్టడం, పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పడం, ఎన్ఎస్ఎస్ శిబిరంలో భోజనాల ఏర్పాటు చూడటం, సెలవుల్లో డెలివరీ పని చేయడం, అన్నీ పనులే. ఒక్కొక్కదానికీ మూడు సంగతులు రాయండి: ఏం చేశారు, ఎంత మేరకు చేశారు, దానివల్ల ఏమైంది. "ట్యూషన్ చెప్పాను" అనేకంటే "ఆరుగురు పదో తరగతి పిల్లలకు రెండేళ్లు లెక్కలు చెప్పాను, అందరూ పాసయ్యారు" అన్నది ఎంత గట్టిగా నిలబడుతుందో చూడండి.

అయితే పెంచి రాయవద్దు. కొట్లో కూర్చున్నంత మాత్రాన బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్ కాలేరు. ఎదుటివారు ఆ హోదా గురించి రెండో ప్రశ్న అడిగేసరికి మాట తడబడుతుంది, నిజంగా చేసిన పని మీద కూడా నమ్మకం పోతుంది.

కాలేజీ ప్రాజెక్టు గురించి ఎలా రాయాలి?

ప్రాజెక్టు నలుగురు కలిసి చేసి ఉంటే, అందులో మీ వంతు ఏమిటో రాయండి. "హాస్టల్ మెస్ బిల్లుల వెబ్‌సైట్" అని శీర్షిక పెట్టి వదిలేయకుండా, "డేటాబేస్ పట్టికలు నేను రూపొందించాను, లాగిన్ పేజీ రాశాను" అని చెప్పండి. కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే లింకు ఇవ్వండి.

బయట కొన్న ప్రాజెక్టు అయితే? దయచేసి దాన్ని రెజ్యూమేలో పెట్టకండి. మొదటి ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలు ప్రాజెక్టు మీదే వస్తాయి. ఇంకా నెల గడువుంటే చిన్నదే అయినా సొంతంగా ఒకటి చేయండి. వంద వరుసల సొంత కోడ్ గురించి అరగంట మాట్లాడగలరు. కొన్న ఐదు వేల వరుసల గురించి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేరు.

సీజీపీఏని శాతంలోకి మార్చాలా? బ్యాక్‌లాగుల సంగతి చెప్పాలా?

దరఖాస్తు శాతంలో అడిగితేనే మార్చండి, అదీ మీ యూనివర్సిటీ సూత్రం ప్రకారమే. అందరూ పదితో గుణించేస్తారు. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి 10తో గుణించాలని ఉంది, అంటే 8.0 వస్తే 75 శాతం. సీబీఎస్ఈ పదో తరగతి గ్రేడ్లకు 9.5తో గుణించేవారు. 80 అని రాసి తనిఖీలో 75 అని తేలితే, మీరు పొరపాటు పడ్డారో అబద్ధమాడారో వాళ్లకెలా తెలుస్తుంది? రెజ్యూమేలో "8.0/10" అని ఉన్నది ఉన్నట్టు రాయడమే క్షేమం.

పాసైపోయిన బ్యాక్‌లాగుల గురించి రెజ్యూమేలో రాయనక్కర్లేదు. ఫారమ్‌లో అడిగితే మాత్రం నిజం చెప్పండి. మార్కులు తక్కువగా ఉంటే చదువును కిందికి జరిపి, ప్రాజెక్టులు, పని ముందు పెట్టండి.

మూడేళ్లు పోటీ పరీక్షలకు చదివాను. ఆ ఖాళీని ఎలా చూపించాలి?

అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కో, అవనిగడ్డలో డీఎస్సీకో ఏళ్ల తరబడి చదివినవారు ఈ ప్రశ్న అడిగేటప్పుడు తలదించుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నోటిఫికేషన్ ఆలస్యం కావడం, పరీక్ష వాయిదా పడటం మీ తప్పు కాదు. ఒక్క వరుసలో సూటిగా రాయండి: "2021–2024: గ్రూప్–2 పరీక్షకు పూర్తికాల సన్నద్ధత." ప్రిలిమ్స్ దాటి ఉంటే అదీ రాయండి. ఆ మధ్యలో ట్యూషన్ చెప్పినా, టెస్టు సిరీస్‌కు ప్రశ్నలు రాసినా తప్పకుండా చేర్చండి. తేదీలు అటూ ఇటూ జరిపి ఖాళీని కప్పిపుచ్చాలని చూడవద్దు. దాచిన ఖాళీ కంటే చెప్పిన ఖాళీ ఎప్పుడూ నయం. దాని పక్కనే ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నదేదో ఒకటి కనిపించాలి. ఇప్పుడు ఈ ఉద్యోగం మీద నిజంగా మనసు పెట్టారా అన్నదే వాళ్లకు ఉండే అసలు అనుమానం.

పిల్లల కోసం, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యం వల్ల ఉద్యోగం మానేసిన స్త్రీలకూ ఇదే జవాబు. "కుటుంబ బాధ్యతల వల్ల విరామం" అన్న నాలుగు మాటలు చాలు. అంతకు మించి సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు.

కన్సల్టెన్సీ వాళ్లు లేని రెండేళ్ల అనుభవం పెట్టి రెజ్యూమే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఎంత అవసరంలో ఉన్నా వద్దు.

2014 నుంచి ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) ప్రతి చందాదారుకు, కంపెనీ మారినా మారని యూఏఎన్ నంబరు ఇస్తోంది. ఏ సంస్థలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఆ నంబరు కింద సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. తనిఖీ చేసేవారు దాన్ని అడుగుతారు. జీతం మీద కోసిన పన్ను వివరాలున్న ఫారం 26ఏఎస్ కూడా అడుగుతారు. కాగితం మీద కంపెనీ ఉండి, ఈ రెండింటిలోనూ లేకపోతే కథ అక్కడితో ముగుస్తుంది. చేరిన ఏడాది తరువాత బయటపడినా తీసేస్తారు, అప్పుడు పోయేది నిజంగా పనిచేసిన ఆ ఏడాది కూడా. అప్పు చేసి డబ్బు కట్టిన పిల్లలను చూశాను. కట్టించుకున్నవారికి వచ్చే నష్టం ఏమీ లేదు. భారమంతా ఆ ఇంటి మీదే పడుతుంది.

ఏటీఎస్ అంటే ఏమిటి? అదే మన రెజ్యూమేని తీసి పారేస్తుందా?

వచ్చిన దరఖాస్తులను భద్రపరిచి, వెతికి, వరుసలో పెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఉద్యోగాల సైట్లలో కూడా రిక్రూటర్లు "ట్యాలీ", "జావా", "విజయవాడ" అని పదాలు కొట్టి వెతుకుతారు. అందుకే ప్రకటనలో వాడిన పదాన్నే, మీకు ఆ పని వస్తేనే, మీరూ వాడండి.

రంగురంగుల నమూనాలు, రెండు నిలువు వరుసలు, పట్టికలు, నైపుణ్యాలకు ఐదింటిలో నాలుగు నక్షత్రాలు ఇచ్చుకోవడం లాంటివి యంత్రాన్ని తికమక పెడతాయి. పరీక్షించుకునే మార్గం సులువు. పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. పైనుంచి కిందికి అర్థమయ్యేలా వస్తే చాలు. ఏమీ రాకపోతే మీ రెజ్యూమే ఒక బొమ్మ అన్నమాట. జిరాక్స్ సెంటర్‌లో స్కాన్ చేయించి పంపినవన్నీ అలాంటివే.

ఏఐతో రాయించుకోవచ్చా?

ఇంగ్లీషు సరిదిద్దుకోవడానికి, పెద్ద వాక్యాన్ని చిన్నది చేసుకోవడానికి వాడుకోండి. మొదటి చిత్తుప్రతి మాత్రం మీరే రాయండి, తెలుగులో రాసుకున్నా ఫరవాలేదు. వివరాలేవీ ఇవ్వకుండా రాయమంటే అది కూడా సీనియర్ ఫైలులాంటి వాక్యాలే ఇస్తుంది, కాస్త నునుపుగా. మీరు చేయని పనులను కూడా చేర్చేస్తుంది. అర్థం తెలియని పదం ఒక్కటి కూడా మీ రెజ్యూమేలో ఉండకూడదు.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు భయంగా ఉంది.

రెజ్యూమేకి గొప్ప ఇంగ్లీషు అవసరం లేదు. "రాశాను", "అమ్మాను", "నేర్పాను", "సరిచేశాను" లాంటి క్రియలతో మొదలయ్యే పొట్టి వాక్యాలు చాలు. స్పెల్లింగులు రెండుసార్లు చూసుకోండి, ఒకసారి వేరొకరికి చూపించండి. భాషల దగ్గర "తెలుగు: చదవడం, రాయడం, అనువదించడం" అని వివరంగా రాయండి. బ్యాంకులు, బీమా సంస్థలు, కాల్ సెంటర్లు, వార్తా సంస్థలు మంచి తెలుగు వచ్చినవారి కోసం వెతుకుతుంటాయి. ఉర్దూ, హిందీ, తమిళం, కన్నడం మాట్లాడగలిగితే అవీ రాయండి.

కవర్ లెటర్ నిజంగా ఎవరైనా చదువుతారా?

రెజ్యూమేతో పాటు పంపే ఈ ఉత్తరాన్ని, వేలమందిని ఒకేసారి తీసుకునే పెద్ద కంపెనీల్లో చదవకపోవచ్చు. చిన్న సంస్థలు, పాఠశాలలు, స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రుల్లో మాత్రం చదువుతారు. అక్కడ రేపు మీతో పని చేయించుకోబోయేవారే ఈమెయిల్ తెరుస్తారు.

ఉద్యోగం అడుగుతూ రాసిన లేఖల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైనది లియొనార్డో డావిన్చిది. 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు రాసుకున్న ఆ లేఖ చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. అంతటి చిత్రకారుడు అందులో ముందు చెప్పుకున్నది బొమ్మల గురించి కాదు. తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు, ఫిరంగులు, కోటలను ఛేదించే ఉపాయాలు వరుసగా రాశాడు, చిత్రలేఖనాన్ని చివర్లో ప్రస్తావించాడు. యుద్ధాల మధ్య ఉన్న పాలకుడికి ఏం కావాలో అతనికి తెలుసు. లుడోవికో తన తండ్రి స్మారకంగా కంచు గుర్రపు విగ్రహం కోరుకుంటున్నాడని కూడా తెలుసుకుని, అది చేయగలనని రాశాడు. వీటిలో ఏదైనా అసాధ్యమని అనిపిస్తే మీ ఉద్యానవనంలోనే చేసి చూపిస్తానన్నాడు.

రెజ్యూమే మీ గురించి, కవర్ లెటర్ వాళ్ల అవసరం గురించి. రెజ్యూమేనే పేరాలుగా మార్చి పంపితే అది రెండోసారి చెప్పడమే అవుతుంది.

ఒక నమూనా చూపిస్తారా?

నమూనా ఇస్తే అదే తిప్పి పంపుతారని భయం. అయినా, డ్వాక్రా పుస్తకాలు రాసిన అమ్మాయి మందుల పంపిణీ సంస్థకు రాస్తే ఇలా ఉండొచ్చు. దీన్ని ఇంగ్లీషులో రాసుకోవచ్చు.

"అకౌంట్స్ మేనేజర్ గారికి, నమస్కారం.

మీ సంస్థలో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. దుకాణాలకు అరువు మీద ఇచ్చిన సరుకు బకాయిలను రోజువారీ సరిచూసే మనిషి కావాలని మీ ప్రకటనలో చదివాను.

పది మంది సభ్యులున్న స్వయం సహాయక సంఘానికి ఐదేళ్లు రుణ ఖాతాలు రాశాను. ఒకసారి పాస్‌బుక్కుకూ మా పుస్తకానికీ 1,200 రూపాయల తేడా వచ్చింది. మూడు నెలలు వెనక్కి వెళ్లి, రెండుసార్లు నమోదైన ఒక వాయిదాను పట్టుకున్నాను. బీకాంలో ట్యాలీ నేర్చుకున్నాను. జీఎస్టీ రిటర్నులు వేసిన అనుభవం ఇంకా లేదు, ఇప్పుడు నేర్చుకుంటున్నాను.

వచ్చే నెల మొదటి తేదీ నుంచి చేరగలను. మీరు ఎప్పుడు పిలిచినా వచ్చి కలుస్తాను."

ఇందులో బతిమాలడం లేదు. "మీరు అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటాను" అనే వాక్యాలు చాలామంది రాస్తారు. ఆ వినయం వెనక ఉన్న అవసరం నాకు అర్థమవుతుంది. కానీ ఉద్యోగం భిక్ష కాదు, మీ పనికి వాళ్లిచ్చే వెల. రాని పనిని రాదని ఒప్పుకున్న వాక్యం కూడా గమనించండి. దానివల్ల పైన చెప్పిన 1,200 రూపాయల సంగతి మీద నమ్మకం పెరుగుతుంది.

ఈమెయిల్ ఎలా పంపాలి?

సబ్జెక్టులో ఉద్యోగం పేరు, మీ పేరు. కవర్ లెటర్‌ను ఈమెయిల్‌లోనే రాయండి, రెజ్యూమేని పీడీఎఫ్‌గా జతచేయండి. ఫైలుకు "ఫైనల్ కొత్తది 3" లాంటి పేరు కాకుండా మీ పేరు పెట్టండి. ఒకే ఈమెయిల్‌ను ముప్పై కంపెనీలకు కలిపి పంపితే, ఆ ముప్పై చిరునామాలూ అందరికీ కనిపిస్తాయి.

గల్ఫ్‌కు, అమెరికాకు ఇదే రెజ్యూమే పనికొస్తుందా?

అమెరికాకు ఫొటో, వయసు, పెళ్లి వివరాలు పూర్తిగా తీసేయండి. అక్కడ 1964 నాటి పౌర హక్కుల చట్టం, 1967 నాటి వయో వివక్ష చట్టం ఉన్నందున సంస్థలు ఆ వివరాలు చూడటానికే ఇష్టపడవు. గల్ఫ్ దేశాల్లో మాత్రం ఫొటో, జాతీయత, వీసా స్థితి మామూలుగా అడుగుతారు. ఎలక్ట్రీషియన్, వెల్డర్, నర్సు పనులకు వెళ్లేవారు ఏ యంత్రాల మీద, ఎన్నేళ్లు పనిచేశారో స్పష్టంగా రాయాలి.

గల్ఫ్ ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైనవారో కాదో ఈ–మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. వారు తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తుంది. ఇక్కడి కంపెనీ పేరుతో ఎవరైనా రిజిస్ట్రేషన్ అనో, లాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడిగితే అది మోసమే. ఫోను పెట్టేయండి.

దరఖాస్తులు పంపుతూనే ఉన్నాను, జవాబు రావడం లేదు. ఏం చేయాలి?

ఒక నోటుపుస్తకంలో తేదీ, సంస్థ, ఉద్యోగం, ఏ రెజ్యూమే పంపారు అన్నవి రాసుకుంటూ వెళ్లండి. వారం పది రోజుల తరువాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి, అంతకు మించి వద్దు. ఇరవై చోట్లకు పంపినా ఒక్క పిలుపూ రాకపోతే రెజ్యూమేనే మళ్లీ రాయాలి, లేదా మీకు సరిపడని ఉద్యోగాలకు పంపుతున్నారేమో చూసుకోవాలి. పిలుపులు వస్తూ ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంటే కాగితం తన పని తాను చేసినట్టే. అప్పుడు దాన్ని పక్కన పెట్టి, అందులో ఉన్న ఒక్కో వాక్యం గురించి ఇంట్లో ఎవరి ముందైనా కూర్చుని ఐదేసి నిమిషాలు గట్టిగా మాట్లాడటం సాధన చేయండి.